అమ్మకు కొనని చెవి మిషను

మతిమరుపు ముదిరి మా అమ్మ నన్నే "ఎవురు మా నువ్వు?" అని అడగడం మొదలుపెట్టాక తిరుపతిలో ఒక డాక్టరుకు చూపించాను. వయసైతే ఎవరికైనా ఇంతే అనుకుని వెళ్ళినదాన్ని. ఆయన బీపీ, షుగరు గురించి అడిగి, చెవుడు ఎన్నాళ్ళుగా ఉందన్నాడు. పదేళ్ళన్నాను. మరి మిషను ఎందుకు పెట్టించలేదన్నాడు.

ఏం చెప్పను? అప్పట్లో మా పెద్దపిల్లకు సంబంధాలు చూస్తున్నాం. అమ్మమ్మ చెవిలో మిషను కనబడితే వంశంలోనే చెవుడుందంటారని మా భయం. నోట్లో నువ్వుగింజ నానని చుట్టాలు చిత్తూరు నిండా ఉన్నారు మాకు. అందుకని పెళ్ళిచూపులకు ఎవరొచ్చినా, ఒంట్లో బాగాలేదని చెప్పి అమ్మను వెనక గదిలో ఉంచేవాళ్ళం. పెద్దపిల్ల పెళ్ళయ్యాక మా తమ్ముడి కూతురి సంబంధాలు మొదలయ్యాయి. వీధి వీధంతా పలకరించే మా అమ్మ, మాట లేక మంచం పట్టుకుని కూర్చుండిపోయింది.

వినికిడి తగ్గితే మెదడుకు పని తగ్గుతుందట. నలుగురిలో కలవకపోతే ఇంకా తగ్గుతుందట. మిషను పెట్టించి ఉంటే ఈ జబ్బే వచ్చేది కాదని డాక్టరు అనలేదు. ఇంకొన్నేళ్ళు ఆగేదేమో అన్నాడు. ఆ "ఏమో" నాకింకా మింగుడు పడలేదు.

ఈ ఏడు నాకు కుక్కర్ విజిల్ వినబడడం మానేసింది. పరీక్ష చేసి, రెండు చెవులకూ మిషను పెట్టుకోవాలన్నారు. మా చిన్నపిల్లను చూడడానికి తిరుచానూరు వాళ్ళు ఆ ఆదివారమే వస్తున్నారు. మా ఆయన చెడ్డవాడు కాదు. నాకు వినబడేలా దగ్గరికొచ్చి మరీ చెప్పాడు.

"పిల్ల పెండ్లి అయిపోనీ. ఆమీద పెట్టిద్దాం."

ఒళ్ళు మండింది. కానీ తలుపు దగ్గర చిన్నపిల్ల నిలబడి ఉంది. దానికి ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. పైగా ఆ మాట ఒకప్పుడు అమ్మ చెవిలో అరిచి చెప్పింది నేనే. అప్పుడు అమ్మ ఎదురు చెప్పలేదు.

"పెట్టిస్తే పిలకాయల మాటలు ఇనపడతాయి గదా?" అని మాత్రం అడిగింది.

నేను మా ఆయనతో సరే అన్నాను.

ఆదివారం పెళ్ళికొడుకు తల్లి నన్నేదో అడిగింది. నవ్వి ఊరుకున్నాను. చిన్నపిల్లే నా బదులు జవాబు చెప్పింది. సంబంధం ఖాయమైంది. పెళ్ళి ఏ నెలలో అనుకున్నారో, అక్కడే కూర్చుని ఉన్నా నాకు వినబడలేదు.