విమానాన్ని ఇల్లు చేసిన సిమెంటు

పది బస్తాల సిమెంటుతో విమానాన్ని ఇల్లు చేసిన తాపీ మేస్త్రీని నేనొక్కడినే అయ్యుంటాను. మీరు నవ్వండి, ఫర్వాలేదు. మా కఫీల్, అంటే నన్ను వీసా మీద పనికి రప్పించిన సౌదీ యజమాని, మాత్రం ఇప్పటికీ నవ్వలేదు.

తబూక్ ఊరి బయట ఆయన ఖాళీ స్థలంలో ఇంజన్లు లేని పాత విమానం ఉండేది. హోటల్ పెడదామని కొన్నాడు. బలదియా వాళ్లు, అంటే మున్సిపాలిటీ, "ఇది కట్టడం, పన్ను కట్టు" అన్నారు. "చక్రాలున్నాయి, ఇది బండి" అని మా కఫీల్ వాదన. తనిఖీకి ఆదివారం వస్తామన్నారు. గెలిస్తే నేను ఊరెళ్లడానికి చుట్టీ కాగితం, అంటే సెలవు కాగితం, మీద సంతకం పెడతానన్నాడు కఫీల్. నేనొచ్చాక పుట్టిన బిడ్డను అప్పటికింకా ఎత్తుకోలేదు.

కాపలా నాదే. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలని గాలి. అప్పుడు విమానం లోపల ఒక కిటికీ తెర మెల్లగా పైకి లేచేది. తాళం నా జేబులోనే ఉండేది. ఒకరోజు చక్రం దగ్గరి మట్టి చూసి అనుమానమొచ్చి సుద్దతో గీత గీశాను. మర్నాడు డ్రైవర్ నర్సన్న దగ్గరికి పరుగెత్తాను.

"ఏందిరా మల్లేశు, గట్ల వణుకుతున్నవ్?"

"అన్నా, ఇమానం నడుస్తున్నదే!"

"ఇంజన్లే లేకపాయె, ఎట్ల నడుస్తదిరా? ఎండదెబ్బ తాకింది నీకు."

"గీత గీసిన. జానెడు ముంగటికొచ్చింది."

నవ్వుకుంటూ వచ్చి టైరు మీద చెయ్యేశాడు. చప్పున తీసేశాడు. నిప్పులు చెరిగే ఎండలో ఆ టైరు బావినీళ్లలా చల్లగా ఉంది.

"మేస్త్రివి గాదురా నువ్వు? కదలకుండ జెయ్యి," అని వెనక్కి చూడకుండా పోయాడు.

చేశాను. శనివారం పొద్దున్నే మూడు చక్రాలూ మునిగేలా సిమెంటు పోసి, నున్నగా తాపీ పట్టి, నీళ్లు చల్లాను. ప్రాణం కుదుటపడింది.

ఆదివారం అధికారి వచ్చాడు. కఫీల్ ఛాతీ విరుచుకుని, "చక్రాలు చూడండి!" అన్నాడు. అధికారి వంగి చూశాడు. కఫీల్ కూడా చూశాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు కఫీల్.

నేను మెచ్చుకోలనుకున్నాను, చూడండి నా తెలివి! "నేనే బాబా! ఫుల్ మజ్బూత్! వందేళ్లయినా కదలదు!"

అధికారి ఫైలు మూశాడు. "వందేళ్లు కదలనిదాన్ని మా ఆఫీసులో కట్టడమనే రాస్తాం."

కఫీల్ చుట్టీ కాగితం జేబులో పెట్టేసుకున్నాడు. అధికారి కారు దుమ్ములో కలిసిందో లేదో, మా వెనక ఠప్‌మని చప్పుడు. సిమెంటు రెండు చెక్కలైంది. చక్రం జానెడు ముందుకొచ్చి ఉంది. కఫీల్ చెప్పులు వదిలేసి కారు వెంట పరుగెత్తాడు.

అప్పీలు పెడితే వారానికి అధికారి మళ్లీ వచ్చాడు. నేను దారి ఊడ్చి, రాళ్లు ఏరి, చేతులు జోడించి, "తల్లీ, జానెడు నడువే, నా బిడ్డను జూడాలె," అని వేడుకున్నాను. వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన వెళ్లిపోయాక కిటికీ తెర మాత్రం మెల్లగా పైకి లేచింది.

బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోన్లోనే చూశాను. నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజే చల్లటి టైరు మీద చెయ్యేసి ఒట్టేశాను: దయ్యమే కానీ, భూతమే కానీ, దాని కాళ్లతో అది నడుస్తుంటే ఈ జన్మలో అడ్డుపడను.