ఐరిక్ మ్యాచ్ టేపులో నేను పడ్డ పాట్లు

చిన్నప్పుడు మెల్‌బోర్న్‌లో మేమున్న ఫ్లాట్ల కింద, కార్ పార్కింగ్‌లో, సాయంత్రమైతే చాలు... ధన్, ధన్ అని ఒకటే చప్పుడు. మా పై ఫ్లాట్‌లో ఉండే నార్వే అబ్బాయి ఐరిక్, గరాజ్ షట్టర్‌కేసి హాకీ కర్రతో టెన్నిస్ బంతులు కొడుతుండేవాడు.

వైటూకే రోజులవి. కంప్యూటర్లలో తేదీలు తేడా కొట్టకుండా సరిచేసే పనిమీద మా నాన్న గుంటూరు నుంచి, ఐరిక్ వాళ్ళ నాన్న నార్వే నుంచి ఒకే ఆఫీసుకి వచ్చారు. నాకు పదమూడేళ్ళు, వాడికి పధ్నాలుగు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే... అందుకేనేమో స్నేహం బాగా కుదిరింది.

ఐరిక్‌కి వాళ్ళ ఊళ్ళో ఐస్ హాకీలో మంచి పేరట. నడక వచ్చీరాగానే మంచుమీద నిలబెట్టారట. పేపర్లో ఫొటో కూడా పడిందట. ఆస్ట్రేలియా ప్రయాణం అనగానే, ఇక నా ఆట పోయినట్టే అని అన్నం మానేసి ఏడ్చాడని వాళ్ళమ్మ చెప్పేది. నార్వేలో పెద్ద క్లబ్ కోచ్ మాత్రం, "ఆస్ట్రేలియాలో ఆడిన మ్యాచ్ ఒకటి టేపు పంపు. చూసి జూనియర్ టీమ్‌లో చోటుందో లేదో చెప్తా" అన్నాడట. వాడి ఆశంతా ఆ టేపు మీదే.

షట్టర్ చప్పుడు భరించలేక కింద ఫ్లాట్ ముసలాయన గొడవకొచ్చాడు. అప్పుడు షట్టర్‌కి బదులు నేను నిలబడ్డాను! నాన్న క్రికెట్ ప్యాడ్లు తొడలదాకా కట్టుకుని... మొదట్లో ఒళ్ళంతా కమిలిపోయేది. పోనుపోను బంతి ఆపడం వచ్చేసింది. "యూ ఆర్ ఎ వాల్!" అనేవాడు ఐరిక్. నిజంగానే గోడనని నమ్మేశాను... అదీ నా ఖర్మ.

టేపు తీయాల్సిన మ్యాచ్ రానే వచ్చింది. ఆ సీజన్‌లో అదే ఆఖరిది. సరిగ్గా అప్పుడే, మెల్‌బోర్న్‌లో ఐరిక్ ఆడే టీమ్ గోల్‌కీపర్‌కి ఆటలమ్మ పోసింది. ఆ టీమ్ కోచ్ తల పట్టుకుంటే ఐరిక్ నన్ను ముందుకి తోశాడు.

"షీ స్టాప్స్ ఆల్ మై షాట్స్."

కోచ్ నన్ను ఎగాదిగా చూశాడు. "కెన్ షీ స్కేట్?"

"లిటిల్ బిట్," అన్నాడు ఐరిక్. నాకొచ్చిందల్లా గోడ పట్టుకుని నడవడం...

అంత బరువు కవచాలు, ముఖానికి ముసుగు తగిలించి మంచుమీద నిలబెట్టారు. టెన్నిస్ బంతి కాదది... నల్లటి రబ్బరు బిళ్ళ, కనపడేలోపే వచ్చేస్తుంది. మొదటిది నా కాళ్ళ సందులోంచి దూరిపోయింది. రెండోది రాకముందే నా అంతట నేనే పడ్డాను. లేవబోయి మళ్ళీ పడ్డాను. లేవలేక నెట్ పట్టుకుంటే నెట్టూ నాతోపాటే జారింది. చూసేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

పై గ్యాలరీలోంచి మా అమ్మ... చీరమీద శాలువా, దానిమీద మంకీ క్యాప్... "కాళ్ళు దగ్గరగా పెట్టవే! కాళ్ళే, కాళ్ళు!" అని హాలు దద్దరిల్లేలా కేకలు. పక్కన నాన్న, కొత్త వీడియో కెమెరా కంటికి పెట్టుకుని అన్నీ తీస్తున్నాడు.

ముందుండి గోల్స్ కొట్టాల్సిన ఐరిక్, వెనక్కి చూసేవాడు. నేను నేలమీద ఉండేదాన్ని. పరుగున వచ్చి నాకు అడ్డం పడేవాడు. బిళ్ళలన్నీ వాడి మోకాళ్ళకే తగిలాయి. ఆ రోజు వాడు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. చిత్తుగా ఓడిపోయాం.

తర్వాత డ్రెస్సింగ్ రూమ్‌లో నేను ముసుగు తియ్యలేదు. దాని లోపలే ఏడ్చాను. ఐరిక్ మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

వేరే మ్యాచ్ లేదు కాబట్టి ఆ టేపే నార్వేకి పంపారు. నేను పార్కింగ్ వైపు వెళ్ళడం మానేశాను. వాడి అడుగుల చప్పుడు వినిపిస్తే వెనక మెట్లెక్కేదాన్ని.

కొన్ని వారాలకి, ఒక ఆర్వో... మధ్యాహ్నాన్ని ఇక్కడ అలాగే అంటారు... బెల్ మోగింది. "వేరీజ్ ది వాల్?" అని ఐరిక్ గొంతు. నేను బాత్‌రూమ్‌లో దాక్కుంటే అమ్మ చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

నార్వే కోచ్ ఫోన్ చేశాడట. "గోల్స్ కొట్టేవాళ్ళు నా దగ్గర బోలెడుమంది. ఇలా వెనక్కొచ్చి అడ్డుపడేవాడే కావాలి" అన్నాడట. డిఫెన్స్‌లో తీసుకున్నాడు!

"యూ వర్ సో బ్యాడ్! దట్స్ వై!" అని ఐరిక్ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే... అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఐరిక్ వాళ్ళమ్మానాన్నలతో నార్వే వెళ్ళిపోయాడు. జూనియర్స్‌లో ఆడాడు, కొన్నేళ్ళకి పెద్ద టీమ్‌లోకీ వచ్చాడు. వాళ్ళ నాన్న ఫొటోలు ఈమెయిల్ చేసేవాడు. ఫొటో వచ్చినప్పుడల్లా నాన్న ఆ టేపు కాపీ బయటికి తీసేవాడు. వీకెండ్ మనవాళ్ళంతా చేరి, బిర్యానీ తిని, తాంబూలాలయ్యాక... "మా అమ్మాయి హాకీ చూస్తారా?" అంతే, నేను గదిలోకెళ్ళి దుప్పటి ముసుగేసుకునేదాన్ని. తలుపు సందులోంచి నవ్వులు వినిపించేవి. నాన్న మీద ఎంత కోపమో!

మొన్న మెల్‌బోర్న్ శివార్లలో, వెర్రిబీలో ఒక సీమంతంలో, అప్పటి ఆంటీ ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. "నువ్వు ఆ హాకీ పిల్లవి కదూ?"

చెవులు వేడెక్కాయి... ఇన్నేళ్ళైనా.

"ఎంత బాగా ఆపావమ్మా ఆ బిళ్ళని! ఆఖర్లో, పడిపోయి కూడా చెయ్యి చాపి... మీ నాన్నగారు వెనక్కి తిప్పి తిప్పి చూపించేవారు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం."

నేను ఆపినట్టే నాకు గుర్తులేదు. టేపు అందాకా చూడ్డానికి వాళ్ళతో నేనెప్పుడూ కూర్చోలేదుగా...

ఇప్పుడు మా పిల్లల మ్యాచ్‌లన్నీ ఫోన్లలోనే. పడినవీ ఓడినవీ కత్తిరించేసి, మెరిసిన ఆ కాస్త ముక్కే పెడతాం. మా నాన్నకి కత్తిరించడం తెలియదు... ఆ ఒక్క క్షణం కోసం అందరినీ మ్యాచ్ మొత్తం కూర్చోబెట్టేవాడు.

మిమ్మల్నీ మీ వాళ్ళు ఇలా నలుగురిలో నిలబెట్టి సిగ్గుతో చంపేసిన రోజు ఉంటే కింద రాయండి... నాకు కాస్త తోడు కావాలి.