ఆది జాకెట్టు

నా ఇంటర్ మార్కుల మెమో, టీసీ మూడేళ్లపాటు ఒక ఆకుపచ్చ ఇనప బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా మా కాలేజీ ఆఫీసు గదిలో, క్లర్కు కుర్చీ వెనక ఉండేది. సికింద్రాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు పైన రెండంతస్తులు అద్దెకు తీసుకుని పెట్టిన కాలేజీ అది. కింద పెళ్లి ఉన్న రోజున మా క్లాసంతా వేగుతున్న ఉల్లిపాయల వాసన. బోర్డు మీద ఫ్యాషన్ డిజైన్ అనీ, ఆంత్రప్రెన్యూర్‌షిప్ అనీ ఒకే సైజు అక్షరాల్లో రాయించారు.

అక్కడ చేరాలని నేను అనుకోలేదు. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. ఆ రోజుల్లో పద్మారావు నగర్‌లో మా వీధిలో ఎవరిని కదిపినా జావా నేర్చుకుంటున్నామనేవారు. సాయంత్రం అయ్యేసరికి కంపెనీ బండ్లు సందు మొదట్లో ఆగి హారన్ కొట్టేవి, మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు పరుగెత్తేవారు. నేనూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు చేస్తానన్నాను. నాన్నగారు ఒప్పుకోలేదు.

మా ముత్తాతగారికి ఉత్తరాంధ్రలో కొన్ని ఊళ్ల మీద శిస్తు వసూలు చేసుకునే హక్కు ఉండేది. నాన్నగారి కాలానికి మాకు ఇంటిపేరు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన రాంగోపాల్‌పేట్‌లో ఒక రంగుల దుకాణంలో సూపర్‌వైజరు. అక్కడ స్టూలు మీద కూర్చున్నా వీపు గోడకి ఆనించేవారు కాదు. యజమాని పిలిస్తే లేచేవారు, కానీ ఉత్తరీయం సర్దుకుని గాని లేచేవారు కాదు. కాలేజీ వాళ్ల కరపత్రంలో ‘ఒకరి కింద పనిచేయకండి, పదిమందికి పని ఇవ్వండి’ అని ఉంది. దాన్ని ఆయన రెండుసార్లు పైకి చదివారు.

“ఇదీ మనకి తగ్గ చదువు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదమ్మా,” అన్నారు. తరువాత టైమైందని దుకాణానికి వెళ్లిపోయారు.

చేరినరోజే అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేశారు. కోర్సు పూర్తయ్యాకే ఇస్తామన్నారు.

మా ఇంటి ఆడవాళ్లను ఏ దర్జీ ఎన్నడూ కొలవలేదు. ఊళ్లో మా భవంతి ఉన్న రోజుల్లో దర్జీ తన మిషన్ తెచ్చుకుని బయటి వసారాలో కూర్చునేవాడట. లోపల్నించి ఇత్తడి పళ్లెంలో కొత్త గుడ్డ, దాని మీద ఆది జాకెట్టు పెట్టి పంపేవారు. ఆది అంటే సరిగ్గా అమరిన పాత జాకెట్టు. దాన్ని చూసి కొత్తది కత్తిరించుకోవాలి. ఒక్కొక్కరికీ ఒక్కో ఆది, దాన్ని వేరే పెట్టెలో దాచేవారు. ఆ దర్జీ మా నాన్నమ్మకి ముప్ఫై ఏళ్లు కుట్టాడు గాని ఆవిడ ముఖం చూడలేదు. ఆవిడ జబ్బుపడి చిక్కిపోయినప్పుడు కూడా, ఆదికి రెండు వేళ్లు తగ్గించి కుట్టమని కబురు మాత్రమే వెళ్లింది. అమ్మ సికింద్రాబాద్ వచ్చాక కూడా జనరల్ బజార్ టైలరుకు ఆది జాకెట్టే పంపింది, నా చేత. ఆ పద్ధతిలో మర్యాద ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

కాలేజీలో మొదటి వారమే కత్తిరింపు గీతలు నేర్పే డ్రాఫ్టింగ్ మేడం, మెడలో టేపుతో, మమ్మల్ని జంటలుగా నిలబెట్టింది. ఒకరి ఛాతీ, నడుము, చంక చుట్టు మరొకరు కొలవాలి. తక్కిన అమ్మాయిలు నవ్వుకుంటూ కొలుచుకున్నారు. నా జంట నన్ను కొలుస్తున్నంతసేపూ నేను పళ్లు బిగించి గోడ గడియారం చూశాను. నా వంతు వచ్చినప్పుడు టేపు ఆమెకే ఇచ్చి, తననే కొలుచుకోమని చెప్పి, అంకెలు నేను రాసుకున్నాను. ఆ తరువాత రెండేళ్లు డమ్మీ మీదే పని. గుడ్డ చుట్టిన ఆ మొండెం ముందు నాకు ఏ ఇబ్బందీ లేదు. బ్రౌన్ పేపర్ మీద నేను గీసిన డ్రాఫ్టు క్లాసులో అందరికంటే బాగుండేది. మేడం దాన్ని పైకెత్తి అందరికీ చూపించేది. మనిషిని కొలవకుండానే గట్టెక్కుతాననుకున్నాను.

ఆఖరి సంవత్సరంలో రెండు సంగతులు ఒకేసారి వచ్చాయి. మొదటిది ఉద్యోగం. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసే ఆఫీసొకటి నగరంలో కొత్తగా తెరిచారు. ఇంట్లో చెప్పకుండా వెళ్లి పరీక్ష రాశాను. నా ఇంగ్లీషు వాళ్లకు నచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖున అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరమన్నారు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడక్కర్లేకుండా చేసే పని. నాకు అంతకంటే ఏం కావాలి? నాన్నగారికి మాత్రం అది ఒకరి కింద పని. చేరాక చెబుదామనుకున్నాను.

రెండోది ఆంత్రప్రెన్యూర్‌షిప్ సారు పెట్టిన వైవా. చుట్టాలూ స్నేహితులూ కాని ఒక కస్టమర్‌ను సొంతంగా వెతుక్కోవాలి, ఆమెకు ఒక జాకెట్టు కుట్టాలి, ఆమె అది వేసుకుని వైవాకు రావాలి. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమెనే ప్రశ్నలడుగుతాడు. వైవా ఇరవై ఎనిమిదిన. తప్పితే మళ్లీ ఆరు నెలలకు. బీరువా తెరవమని నేను క్లర్కును అడిగి చూశాను.

“వైవా అయినంక రండి మేడం. మధ్యల ఇయ్యం. గీడ అందరికీ గదే రూల్,” అన్నాడు తల ఎత్తకుండా.

మా ఇంటి ఓనరు భార్య కింది వాటాలో ఉండేది. పాల వ్యాపారం చేసే ఇల్లు, ఆ ప్రాంతంలో తాతల నాటి నుంచీ ఉన్నవాళ్లు. రెండేళ్ల కిందట ఆవిడ బాత్రూములో జారి పడిందని మాకు తెలుసు. నెల రోజులు మంచం మీద ఉంది. ఆ తరువాత మామూలుగానే తిరిగేది, పైట మాత్రం ఎప్పుడూ ఎడమ భుజం నిండా కప్పుకునేది. నన్ను మెట్ల మీద చూసినప్పుడల్లా కర్ర మింగినట్టు నడుస్తానని ఆటపట్టించేది. నేను కస్టమర్ కోసం వెతుకుతున్నానని అమ్మ ద్వారా తెలిసి, తనే పిలిచింది. చెల్లెలి బిడ్డ పెండ్లికి పట్టు జాకెట్టు కావాలి. గుడ్డ తీసి మంచం మీద పరిచింది. లేచి నిలబడి చేతులు కాస్త ఎడంగా పెట్టింది.

“కొలుస్కో బిడ్డా.”

టేపు నా సంచిలో ఉంది. తియ్యలేదు.

“ఆది ఇవ్వండి ఆంటీ, చాలు,” అన్నాను.

ఆవిడ చేతులు దించింది. “మూడేండ్లు సదివి ఆది అడుగుతున్నవా? గల్లీల టైలర్ సుత గదే అడుగుతడు గద.”

మా ఇంట్లో అదే పద్ధతి అని చెప్పాను. బహుశా చెప్పిన తీరు కూడా భవంతిలోంచి చెప్పినట్టే ఉండి ఉంటుంది. ఆవిడ తన బీరువా అడుగునుంచి ఒక ఎర్ర జాకెట్టు తీసి ఇచ్చింది. మంచి జాకెట్టు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి.

నేను దాని కుట్టు కుట్టూ చూసి, దారం అంత తేడా కూడా రాకుండా డ్రాఫ్టు గీశాను. ఆ వారం పది రోజులూ నాకు హాయిగా గడిచాయి. ఇరవై ఆరో తారీఖున ట్రయల్‌కు తీసుకెళ్లాను. ఆవిడ లోపలి గదిలో వేసుకుని, పైట కప్పుకునే బయటికి వచ్చింది. కుడివైపు అచ్చు పోసినట్టు అమరింది. ఎడమవైపు మెడ దగ్గర గుడ్డ లేచి నిలబడింది, చేతి మీద ముడతలు పడ్డాయి, వీపున ఒక మడత ఏటవాలుగా జారింది. పైట కింద ఆ భుజం రెండు వేళ్లు కిందికి ఉందని అప్పుడు చూశాను. ఎముక సరిగ్గా అతకలేదు. నాకు ఇచ్చింది పడకముందటి జాకెట్టు.

“ఆంటీ, చెప్పాల్సింది కదా,” అన్నాను.

“ఏం జెప్పాలె? నా బుజం వంకరైందని ఊరంత తిరుక్కుంట జెప్పాల్నా?” మంచం అంచున కూర్చుంది. “టైలర్ మొగోడు, ఆనికి జెప్పబుద్ధి కాలే. నువ్వు సదువుకున్నదానివి, కొలుస్తవు, కొలిస్తె నీకే తెలుస్తది, నోరిడిచి అడగవు అనుకున్న. నువ్వు దగ్గరికే రాకపోతివి.”

సంచిలో టేపు ఉంది. ఇంకా ఒక రోజు టైముంది. విప్పి సరిచేయడానికి లోపల గుడ్డ కూడా వదిలాను. కొలుస్తానన్న ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. ఆవిడే నన్ను ఆదుకుంది.

“పరేషాన్ గాకు. పైట గప్పుకొనే వస్త. మంచిగున్నదనే జెప్త తీయ్.”

నేను సరేనన్నాను. మెట్లెక్కి పైకి వచ్చి, ఆఫీసుకు వేసుకెళ్లడానికి కొన్న చెప్పుల డబ్బా మళ్లీ ఒకసారి తెరిచి చూసుకున్నాను.

వైవా ఆఫీసు గదిలోనే పెట్టారు. ఆ రోజున కింద హాల్లో పెళ్లి. బాజాలు మోగుతుంటే ఎగ్జామినర్ ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడగాల్సి వచ్చింది. ఓనరు భార్య పెద్దంచు చీర కట్టుకుని, పైట భుజం నిండా పిన్నుతో బిగించుకుని వచ్చింది. బాగా కుట్టిందా అంటే కుట్టిందంది. ట్రయల్ చూపించిందా అంటే చూపించిందంది. మళ్లీ ఇస్తారా అంటే, ఇంటిల్లిపాదివీ ఇస్తానంది. ఎగ్జామినర్ కలం తీశాడు. అప్పుడు డ్రాఫ్టింగ్ మేడం కుర్చీలోంచి లేచి ఆవిడ వెనక్కి వెళ్లింది.

“వీపున మడత ఎందుకు పడుతోంది? అమ్మా, పిన్ను తీసి పైట ఒక్కసారి దించండి.”

ఆవిడ కుడి చెయ్యి పైకి వచ్చి పిన్నును కప్పింది. తియ్యలేదు. నా వైపూ చూడలేదు. గదిలో ఎగ్జామినర్, సారు, క్లర్కు, తమ వంతు కోసం నిలబడ్డ ఆరుగురు అమ్మాయిలు ఉన్నారు. క్లర్కు వెనక ఆకుపచ్చ బీరువా నాకు కనిపిస్తూనే ఉంది.

“అక్కర్లేదు మేడం,” అన్నాను. “నేను కొలతలు తీసుకోలేదు. ఆది పెట్టి కుట్టాను. తప్పు నాది.”

మేడం నన్ను చూసింది. డమ్మీ మీద కాక ఎవరిమీదైనా ఎప్పుడైనా కొలిచావా అని అడిగింది. లేదన్నాను. ఎగ్జామినర్ కలం మూత పెట్టేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ పిన్ను మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంటికి వచ్చేసరికి నాన్నగారు దుకాణం నుంచి వచ్చి వాలుకుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఇంకో ఆరు నెలలు పడుతుందన్నాను. “మంచిదే. మనకేం తొందరమ్మా? ఒకరి దగ్గర ఉద్యోగంలో చేరాలా ఏమన్నానా,” అన్నారు. చెప్పుల డబ్బా మంచం కింద ఇంకా లోపలికి తోశాను. ఉద్యోగం పోయిందని చెప్పుకోవాలంటే ముందు వచ్చిందని చెప్పాలి.

చీకటి పడకముందే టేపు, నోటు పుస్తకం తీసుకుని కిందికి దిగాను. ఆవిడ తలుపు తీసి, నా చేతిలోది చూసి పక్కకు జరిగింది. గడియ వేసి, కిటికీ తెర లాగి, పిన్ను తీసి మంచం మీద పెట్టి, పైట దించింది. పెండ్లికి ఇంకా పది రోజులుందంది.

మెడ ఎముక దగ్గర టేపు ఆనించి ఎడమ భుజం దాకా లాగాను. వేలి కింద ఎముక అతుకు గట్టిగా తగిలింది.

“సల్లగున్నయి నీ చేతులు,” అంది.

“నొప్పా?”

“ఇప్పుడు లేదు. జెర వంగు, ఎనక నడుంకాడ సుత సూడు. ఆడ్నే మడత పడ్డది.”

నడుము దగ్గర అంకె చదవాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. కూర్చున్నాను. నోటు పుస్తకంలో అంటించుకున్న కాలేజీ కొలతల ఫారంలో భుజం అని ఒకటే గడి ఉంది. దాని మధ్యలో గీత కొట్టి, కుడికొకటి ఎడమకొకటి, రెండు అంకెలు రాశాను.