రీల్‌లో కోసేసిన రెండో సగం

2022, శ్రావణ మాసం. హిందూపురంలో మా అక్క కూతురికి పెళ్లి కుదిరింది. చీరలకు ధర్మవరం వెళ్లాం. నన్ను తీసుకెళ్లింది సంచులు మోయడానికి. నేను వెళ్లింది పని మీద.

నా పని స్టాండప్ కామెడీ. మైకు పట్టుకుని ఒక్కడే నిలబడి, జనం రోజూ చూస్తున్న సంగతులనే మళ్లీ వాళ్లకు చెప్పి నవ్వించడం. బీకాం చదివాక ఇందులోకి వచ్చాను. మా నాయన బంధువులకు ఇప్పటికీ "వాడు ఈవెంట్లలో ఉంటాడు" అనే చెబుతాడు. అది అబద్ధమేమీ కాదు.

ఈ పనిలో సగం అబ్జర్వేషన్. ఎక్కడైనా ఒక మూల కూర్చుని, మనుషులు నిలబడే తీరు, మాట సాగదీసే తీరు చూసి దాచుకోవాలి. ఆ రోజు నాకు దొరికిన మనిషి ఓబులేసు. ఆ షాపులో సేల్స్‌మన్, యాభై దాటిన వాడు. కట్టుకుంటే ఎలా ఉంటుందో చూపడానికి చీరల షాపుల్లో మగవాళ్లు చీరను తమ మీదే వేసుకుంటారు. అందరూ చేసే పనే. ఓబులేసు చేస్తే వేరుగా ఉండేది. ఒక్క విసురుకు చీర విప్పి, కుచ్చిళ్లు నడుం దగ్గర పట్టి, కొంగు భుజాన వేసుకుని, తల వంచి, పెళ్లిపీటల మీద అమ్మాయిలా నేల చూపులు చూసేవాడు. ఆయనకు మీసం ఉందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండేది కాదు.

"చూడు తల్లీ, మగ్గం చీర. మా చిన్నాయన నేసినాడు. నెల్లాళ్లు పట్టినాది" అన్నాడు.

ఆ చిన్నాయన మహా కష్టజీవి. ఆ గంటలో మాకు చూపించిన చీరలన్నీ ఆయనే నేశాడు.

ఇంటికి వచ్చాక, సొంతంగా మగ్గం నేసే పక్కింటి చౌడమ్మక్క చీరను తిరగేసి చూసి, "ఇది మిషన్ది. మగ్గం దీన్ని చూసి గూడా ఉండదు" అంది. మా అక్క ఏడ్చింది. నేను లోపలికి వెళ్లి నోటుబుక్కు తీశాను.

నెల తిరక్కుండా పెనుకొండలో ఒక రిసెప్షన్‌లో ఆ బిట్ చేశాను. ఒకే విషయం మీద అల్లిన నాలుగైదు నిమిషాల వరసను మేం బిట్ అంటాం. మొదటి సగం ఓబులేసు: విసురు, కొంగు, నేల చూపులు, చిన్నాయన. భోజనాల దగ్గరున్న వాళ్లు కూడా లేచి వచ్చి నవ్వారు. రెండో సగం ఓనరు. "ఈ చిన్నాయనను కన్నదెవరు? కౌంటరు వెనకాల కూర్చున్న పెద్దాయన. ఆయన నోరు తెరవడు. అబద్ధం ఆడాల్సినప్పుడల్లా జీతగాడి నోరు వాడుకుంటాడు" అన్నాను. పందిరంతా నిశ్శబ్దం. ముందు వరసలో కూర్చున్న వాళ్లలో సగం మందికి ఏవో షాపులున్నాయని తర్వాత తెలిసింది.

పంచ్ పైకి పడాలి అనేది మా పనిలో నియమం. అంటే జోకు బలమున్న వాడి మీద వేయాలి, కింద ఉన్న వాడి మీద కాదు. నేను వేసింది పైకే వెళ్లింది. నవ్వు మాత్రం దానితో వెళ్లలేదు.

మరుసటి రోజు రీల్ చేశాను. రీల్ ఒకటిన్నర నిమిషం దాటితే చూసేవాళ్లు ఉండరు. నవ్వు వచ్చిన చోట ఉంచాను, రాని చోట కోశాను. అలా కోస్తే ఓనరు మొత్తం పోయాడు, ఓబులేసు మొత్తం మిగిలాడు. ఇది నాకు అప్పుడే కనిపించింది. కనిపించినా, రీల్ చాలా బాగా వచ్చింది.

మొదటి రోజంతా కామెంట్లకు లవ్ గుర్తులు పెడుతూ కూర్చున్నాను. మూడో రోజుకు ఎవరో ఆయనను గుర్తుపట్టారు. షాపులో చీర భుజాన వేసుకుని ఉన్న ఫొటో తెచ్చి కింద పెట్టారు. "వీడే ఆ దొంగ" అన్నారు. "ఇట్లాంటోన్ని పనిలోంచి పీకాల" అని ఒకాయన రాశాడు. దాని కింద కూడా నా లవ్ గుర్తు ఉంది. చదవకుండా నొక్కానని చెప్పుకోవచ్చు. చదివే నొక్కాను.

ఆ వారమే షాపు ఓనరు ఫోన్ చేశాడు. షాపులో ఆ రోజు ఒక్క మాట మాట్లాడని మనిషి ఫోన్లో చాలా ఆప్యాయంగా మాట్లాడాడు.

"ఏమప్పా, వీడియో చూసినా. బలే చేసినావు. ఆ మనిషిని తీసేసినాంలే. మా షాపులో అట్లాంటోళ్లకు తావు ల్యా. హిందూపురంలో కొత్త షాపు తెరుస్తాండాం. వచ్చి నాలుగు మాటలు చెప్పి నవ్వించు."

అధికారాన్ని ప్రశ్నించే కళాకారుడిగా ఆ పూట నేను వేసిన ప్రశ్న ఒక్కటే: "ఎప్పుడు సార్?"

రెండు రోజులకు ఓబులేసు వచ్చాడు. ధర్మవరం నుంచి మధ్యాహ్నం బస్సులో హిందూపురం వచ్చి, నేను రోజూ కూర్చునే టీ అంగడి కనుక్కుని, ఇస్త్రీ చొక్కాతో ఎదురుగా నిలబడ్డాడు.

"బలే చేసినారు సార్. ఫస్టు రోజు మా ఇంట్లో గూడా నవ్వినాం. మా ఆడమనిషి ఇంగోసారి పెట్టమనింది."

"అన్నా, నేను పేరు చెప్పలేదు" అన్నాను.

"పేరు యాల సార్? ఆ కొంగు ఏసుకునేది చూస్తే ధర్మవరంలో పిల్లోళ్లు గూడా చెప్తారు." కూర్చోమంటే కూర్చోలేదు. "చిన్నాయన మాట నాది గాదు సార్. చేరిన రోజే నేర్పిస్తారు, అందరికీ. అసలు నాకు చిన్నాయనే ల్యాడు. ఆ మాట అనకుంటే పని ఉండదు. అన్న్యానని ఇప్పుడు పని పాయె."

టీ చెప్పాను. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా అడిగాడు.

"పెనుకొండలో మీరు ఓనరును గూడా అన్నారంట గదా. పెండ్లికి వచ్చినోళ్లు చెప్పినారు. ఆ ముక్క యాడ పాయె సార్?"

"టైము సరిపోలేదన్నా."

"ఆ ముక్క గూడా పెట్టండి. నేను మంచోడినని చెప్పొద్దండి. నా ఒక్కని పని గాదు అని తెలిస్తే సాలు. సోమారం ఇంగో షాపాయన రమ్మన్యాడు, కౌంటరు పనికి. ఆ లోపల పెడితే నన్ను నిలబెట్టుకుంటాడు."

పెడతానన్నాను. ఆయన టీ తాగి, గ్లాసు తానే తీసుకెళ్లి అంగడాయనకు ఇచ్చి వెళ్లాడు. ఆ రోజు గురువారం.

ఇంటికి వచ్చి రెండో సగం మళ్లీ చూశాను. నా గొంతు, దాని వెనక నిశ్శబ్దం, ఎవరిదో దగ్గు. నాలుగుసార్లు చూశాను. ఇలాగే పెడితే నా పేరు పోతుందనిపించింది. ఇదే విషయం కొత్తగా, నవ్వు వచ్చేలా రాసి, మళ్లీ రికార్డు చేసి పెడదామనుకున్నాను. శుక్రవారం రాశాను. శనివారం కొట్టేశాను. ఆదివారం ఓనరు కొత్త షాపు తెరిచాడు. గొంతు బాగాలేదని మెసేజ్ పెట్టి తప్పించుకున్నాను. అసలు కారణం రాసి ఉంటే బాగుండేది. సోమవారం ఒక జోకు కుదిరినట్టే కుదిరి చెడింది. ఒక మనిషి అన్నం గురించి అడిగితే నేను దానికి పంచ్‌లైన్ వెతుకుతూ కూర్చున్నాను.

బుధవారం, కొత్తదేమీ కుదరక, కోసేసిన ముక్కనే ఉన్నదున్నట్టు పెట్టాను. మాటలన్నీ షాపువే, ఆ మనిషివి కావని, ఇది ముందే పెట్టాల్సిందని పైన రాశాను. నవ్వు లేని వీడియోను ఎవరూ ఎవరికీ పంపరు. "మొదటిదే బాగుంది బ్రో" అని ఒకరు, "ఓబులేసు ఎంత దుడ్లు ఇచ్చినాడు?" అని ఇంకొకరు. ఆయన మీద అంత కోపం చూపించిన వాళ్లలో ఒక్కరూ ఓనరు మీద కోప్పడడానికి రాలేదు. వాళ్లు అప్పటికి ఇంకెవరి మీదో పడ్డారు. వాళ్లను తప్పు పట్టే హోదా నాకు లేదు. కోపం తీర్చుకోవడానికి మనిషిని చూపించింది నేను. మోసం నిజమే, దాని మీద కోపమూ న్యాయమే. చిరునామా ఒక్కటే తప్పు. అది రాసింది నేను.

దసరా దాటాక ధర్మవరం వెళ్లి వెతికాను. ఆ రెండో షాపులోనే దొరికాడు, కానీ కౌంటరు దగ్గర కాదు. వెనక గదిలో, కస్టమర్లు విప్పి వదిలేసిన చీరలు మడత పెడుతున్నాడు. సోమవారం నాడు ఆ షాపాయన తన ఫోన్లో నా రీల్ తీసి, ఆయనకే చూపించి, ముందుకు రానని ఒప్పుకుంటేనే పని అన్నాడట.

"ముందర నిలబడితే చీర ఎవరు చూస్తారప్పా? ఫోన్లు పైకి లేస్తాయి. 'ఆ వీడియోలో మాదిరి చెయ్యన్నా' అంటారు. మా మనవరాలి బళ్లో గూడా అంటాండారంట" అన్నాడు. కోపంగా అనలేదు. ఈసారి ఒక్కసారి కూడా సార్ అనలేదని మాత్రం గమనించాను.

"అన్నా, ఆ రెండో ముక్క పెట్టినాను" అన్నాను.

"చూసినా. బాగుండాది." మడత సరిచేసి, ఇంకో చీర అందుకున్నాడు. "సోమారం లోపల అని చెప్పినా గదప్పా."

నేను క్షమాపణ కోసం తెచ్చుకున్న మాటలు బయటికి తీయలేదు. అవి కూడా బాగా రాసుకున్నవే.

ఓనరు షాపులు రెండూ నడుస్తున్నాయి. నేనూ నడుస్తున్నాను. పెద్దవాళ్లను అనుకరించడం కష్టమని ఈ వ్యవహారంలో తెలుసుకున్నాను. వాళ్లు కదలరు, మాట్లాడరు, మనకు పట్టుకోవడానికి ఏమీ ఇవ్వరు. చేతులూ గొంతూ అరిగేలా నటించేది వాళ్ల కింద పనిచేసే వాడు. అందుకే మా కళ్లు ముందు వాడి మీదే పడతాయి. దాన్ని మేం అబ్జర్వేషన్ అంటాం. ఇక టైమింగ్ అనే మాట ఒకటుంది. జోకు ఏ క్షణంలో పడాలో ఆ క్షణంలోనే పడాలి, అర క్షణం దాటితే చచ్చిపోతుందని కొత్తగా వచ్చే వాళ్లకు నేనే నేర్పుతాను. చేసిన తప్పు ఒప్పుకోవడానికీ అదే లెక్క ఉందని నాకు స్టేజి మీద ఎవరూ చెప్పలేదు. వెనక గదిలో చీరలు మడత పెడుతున్న మనిషి చెప్పాడు, అదీ నేను రెండు రోజులు ఆలస్యంగా ఒప్పుకున్న తర్వాత.