ముందు గొలుసు ఇచ్చెయ్యమన్న మనిషి

నంద్యాలలో మా ఎదురింటి ప్లీడరుగారు పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయనతో నాకు తేలని వాదం ఒకటి మిగిలి ఉంది. ఇక అవతలి పక్షం మాట్లాడదు.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజుల్లో మా పెద్ద మనవరాలికి ఆళ్లగడ్డ సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్నాం. వాళ్లు పిల్ల మెడలో రెండు పేటల గొలుసు వేశారు. మేము పందిరికి, వంటవాళ్లకు, మేళానికి బయానాలు ఇచ్చాం. బట్టలు కొన్నాం. ముహూర్తం దగ్గరపడ్డాక ఆళ్లగడ్డ నుంచి ఒక మనిషి వచ్చి, వాకిట్లోనే నిలబడి, "జాతకాలు సరిపోలేదంట" అని చెప్పి వెళ్లిపోయాడు. జాతకాలు సరిపోయాకే కదా తాంబూలాలు పుచ్చుకున్నది! నందికొట్కూరులో వాళ్లకు ఇంకా కలిగిన సంబంధం దొరికిందని తర్వాత తెలిసింది.

ఖర్చుల రసీదులన్నీ తీసుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని ఎదురింటికి వెళ్లాను. ఆయన వసారాలో కక్షిదారుల కోసం పొడవాటి బల్ల ఒకటి ఉండేది. పిల్ల దాని మీద కూర్చోబోతే ఆయన గబుక్కున లేచారు.

"ఆడ కూర్చోవద్దు పాపా. అది కోర్టుకెక్కేవాళ్ల బల్ల. లోపల మీ అత్త ఉంది, పో."

పిల్ల లోపలికి వెళ్లాక నేను రసీదులు ముందు పెట్టి, "ఈ దుడ్లు వచ్చేదాకా గొలుసు నా పెట్టెలోనే ఉంటుంది" అన్నాను.

"అట్ల కాదక్కా. ముందు గొలుసు ఇచ్చెయ్."

"ఏందప్పా ఈ న్యాయం? మాట తప్పింది వాళ్లు, ముందు ఇచ్చేది మేమా?"

"అది నీకు తాకట్టు పెట్టిన సొమ్ము కాదు. పెండ్లి అయితాదని ఇచ్చినారు. కాలేదు, వాళ్లది వాళ్లకు పోవాల. మన ఖర్చులు వేరే సంగతి. పెండ్లి చేసుకోమని ఏ కోర్టూ పిల్లోని మెడలు వంచదు. ఖర్చులైతే ఇప్పిస్తాది, అదీ రుజువు చేసుకుంటే."

చేతిలో ఉన్నది వదిలేసి చేయి చాచమనే చట్టం నాకు ఈ రోజుకీ మింగుడుపడలేదు.

ఆయన నల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనగలు ఉండేవి. మాట మొదలుపెట్టే ముందు ఎదుటి పక్షం చేతిలోనూ కొన్ని పోసేవారు. "నములుతాంటే మనిషి అరవలేడు" అనేవారు. చివరికి గొలుసు పట్టుకుని ఆయన వెంట ఆళ్లగడ్డ వెళ్లాను. అక్కడ పిల్లవాడి తండ్రికీ అలాగే పోశారు. ఆ తండ్రి శనగలు పక్కన పెట్టి, ఊరి పెద్దల ముందు కంసాలిని పిలిపించాడు.

"తూకం వేయించుకుంటాం. ఏమనుకోవద్దు."

నా ఒళ్లు మండింది. "వేయండి. మా కండ్ల ముందరే వేయండి" అన్నాను.

కంసాలి ఒకసారి తూచి, మళ్లీ తూచాడు. "రెండు గురిగింజల ఎత్తు ఎక్కువుందన్నా!"

కొక్కెం వదులుగా ఉందని నంద్యాలలో మా బంగారం వేసి నేనే బాగుచేయించానని చెప్పాను. పిల్ల మెడలో ఉండాల్సిన గొలుసు కదా.

ప్లీడరుగారు పిల్లవాడి తండ్రితో నెమ్మదిగా అన్నారు. "నువ్వు తరుగు యాడుందా అని వెతుకుతాండావు. వీళ్లు మీ ఇంటి కోడలి సొమ్మని కొక్కెం చేయించినారు."

పిల్లవాడి తండ్రి తక్కెడలోంచి గొలుసు తీసుకున్నాడు. "ఖర్చుల్లో సగం ఇస్తా" అన్నాడు.

"సరే" అన్నారు ప్లీడరుగారు. "పిల్లలో ఏ లోపమూ లేదని, మాట తప్పింది మేమేనని ఈ పెద్దల ముందర చెప్పు."

చెప్పాడు.

బస్సులో నేను ఊరుకోలేదు. "సగమేందప్పా? మొత్తానికీ రసీదులు ఉండాయి నాకాడ!"

"ఉండాయక్కా. మొత్తం కావాలంటే దావా వేస్తా. వాళ్ల వకీలు పాపను బోనెక్కించి, నిన్ను ఎందుకు వద్దన్నారని అందరి ముందర అడుగుతాడు. వాని నోరు నేను కట్టెయ్యలేను."

"ఆ ముక్క ముందే చెప్పరాదా?"

"చెప్పింటే నువ్వు ఆ సగమూ అడిగుండవు."

తన ఫీజు మాత్రం అణాతో సహా పుచ్చుకున్నారు. అది నాకు నచ్చింది.

మరుసటేడు కోయిలకుంట్ల వాళ్లు సంబంధానికి వచ్చే ముందు ఆళ్లగడ్డలో విచారించుకున్నారు. పెద్దల ముందు అన్న మాటే వాళ్లకు వినిపించింది. పెళ్లి జరిగింది. అయినా మిగతా సగం సంగతి నేను ఎత్తుతూనే వచ్చాను. ఎత్తినప్పుడల్లా ఆయన నా చేతిలో శనగలు పోసేవారు.

ఆ సోమవారం మనవరాలు కోయిలకుంట్ల నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ఆయన వసారా నిండా జనం. కక్షిదారులు లేచి ఆమెకు బల్ల మీద చోటిచ్చారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, కూర్చుంది. లేవమనేవాళ్లు ఎవరూ లేరు. ఒళ్లోని పసిది వంగి, బల్ల చెక్కల సందులో ఇరుక్కున్న శనగగింజను చిటికెనవేలితో తీయాలని చూస్తూ ఉంది.