రూతు పాట ఎవలది

నాకు సంగీతం సారు మీద ఇప్పటికీ కోపమే. ఆదివారం గుడిల కూసోని అందరిని క్షమించిన అంట గాని, గాయన ముఖం యాదికి రాంగనే నోరు మూసుకుంట. దేవునికి తెల్వదా ఏంది, అబద్ధం ఎందుకు చెప్పాలె?

పెండ్లైన మూడేండ్లకే మా ఆయన పోయిండు. పిల్లలు లేరు. రెంజల్ కాడ మా ఊర్లె అందరు నన్ను తల్లిగారింటికి పొమ్మన్నరు. నేను పోలే. ఉన్న ఒక్క కొడుకు పోయిన అత్తను ఇడిసి యాడికి పోవాలె? ఇద్దరం బోధన్ చుట్టుపక్కల చెరుకు నరుక్కుంట బతికినం.

గప్పుడు చుట్టుపక్కల సంఘాలన్ని కలిసి నిజామాబాద్ గుడిల బైబిల్ల ఉన్న రూతు కథ, మొగడు పోయినా అత్తను ఇడువని కోడలి కథ, పాడాలని ఒప్పుకున్నయి. నాటకం కాదు, వేషాలు లేవు. కథంత పాటలల్లనే చెప్పుడు, పక్కన ఫిడేళ్లు, క్లారినెట్లు, పెద్ద ఆర్కెస్ట్రా. దాన్ని ఒరటోరియో అంటరని సికింద్రాబాద్ నుంచి వచ్చిన సంగీతం సారు చెప్పిండు. మా దిక్కు క్వాయర్ల ముప్పై మంది ఆడోళ్లం. ఆయన స్వరాల కాయితాలు పంచితే, చదువ రాక ఉక్కపోతకు ఇసురుకున్నం.

అందుకని ఆయనే ఒక ఉపాయం చేసిండు. ఒక్కొక్క లైను నాకు నేర్పేది, నేను ఎత్తుకునేది, నా ఎనుక మిగిలినోళ్లు అందుకునేది. మా ఊర్లల్ల కీర్తనలన్ని గట్లనే పాడుతం. ఒకలు చెప్తరు, మిగిలినోళ్లు అందుకుంటరు. మూడు నెలలు గట్లనే నేర్సుకున్నం. అత్తను ఇడిసి పోనని రూతు పాడే పాట గూడ గట్లనే వచ్చింది. గుడిల మాత్రం గది నువ్వు ఒక్కదానివే పాడాలె, గది నీదే అని సారు అందరి ముంగట నాకు చెప్పిండు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పిన. ఆమె పెట్టెల కెల్లి తెల్లచీర తీసి ఉతికి ఆరేసింది. చూపు సగం పోయింది కదా, ముందటి చాపల కూసుంటనన్నది. పొయ్యి కాడ, పొలంకాడ మేము గసొంటి మాటలు మాట్లాడుకునేటోళ్లం కాదు. నేను నోటితోని ఎన్నడు చెప్పనిది గా పాటల ఉంది. గది అత్త ఇనాలె. నాకు గంతే కావాలె.

నాలుగు రోజులు ఉందనంగ ఆర్కెస్ట్రాతోని పట్నం కెల్లి ఒక ఆమె దిగింది. రూతు పాట ఆమె పాడుతదన్నడు సారు. నాకు కాయితం చూసుడు రాదట, ఆర్కెస్ట్రాతోని కుదరదట. అని ఊకున్నా బాగుండు. చెరుకాకు కోసిన నా చేతుల దిక్కు చూసి, ముందల నిలబడేటోళ్లు జర మంచిగ కనవడాలె కదమ్మా అన్నడు. ఎనుక వరుసల నిలబడు, దేవునికి అన్ని గొంతులు ఒక్కటే అన్నడు. ఒక్కటే అయితే నా గొంతు ఎందుకు మార్చినవయ్యా? అడగలే. గదే నా తప్పు. నాలుగు రోజులు పండ్లు కొరుక్కుంట తిరిగిన, అత్తకు గూడ చెప్పలే.

ఆ రోజు పగటీలి గుడి నిండింది. అత్త ముందటి చాపల కూసున్నది. మొదటి పాటలు మంచిగనే నడిచినయి. రూతు పాట వచ్చింది. పట్నం ఆమె మొదటి లైను పాడి ఆగంగనే మేము ముప్పై మందిమి అందుకున్నం.

ఎవలం కావాలని చెయ్యలే. మూడు నెలల అలవాటు, నోరు దానంతల అదే తెరుసుకున్నది. సారు చేతిల తాళం చూపే పుల్ల గాలిలనే ఆగింది. ఫిడేళ్లోళ్లు ఒకల ముఖం ఒకలు చూసుకున్నరు. మావోళ్లకు తెలిసొచ్చి ఒక్కొక్కలు నోరు మూసిండ్రు. నాకు గూడ తెలిసింది. నేను మూయలే. లైను ఆఖరి దాంక పాడిన.

ఆమె రెండో లైను పాడింది. నేను మళ్ల అందుకున్న, ఒక్కదాన్నే, అత్త దిక్కు చూసుకుంట. మొదటిది పొరపాటు. రెండోది పొరపాటు కాదు. సారు కండ్లు ఎర్రజేసిండు, చెయ్యితోని ఆగుమన్నడు. ఎందుకు ఆగుత? మూడో లైనుకు మావోళ్లందరు నాతోని కలిసిండ్రు. పట్నం ఆమె మంచిది, ఆమె మీద నాకు కోపం లేదు. లైను పాడి, మేము అందుకునేదాంక ఆగింది. సారుకు పుల్ల ఊపక తప్పలే.

అయిపోయినంక జనం సారును చుట్టుకున్నరు. ఆ అందుకునుడు శానా కొత్తగ ఉందన్నరు. ఊరోళ్ల పద్ధతిని నేనే గట్ల కూర్చిన అని నవ్వుకుంట చెప్పిండు సారు. నా చెవులతోని ఇన్న. గడియ గాకముందే నన్ను గుడి ఎనుకకు పిలిచి, రేపటి సంది క్వాయర్‌కు రావద్దన్నడు. పాస్టరు పక్కనే నిలబడి నేల చూసిండు. "మీరు కూర్చింది ఏది సారు, నా నోరా?" అన్న.

బోధన్ బస్సుల కిటికీ దిక్కు తిరిగి కూసున్న. పాట పోయింది, క్వాయర్ పోయింది, అత్త ఏమనుకున్నదో అని లోపల ఉడుకుతుంటే ఆమె నా చెయ్యి దొరకవట్టుకున్నది.

"నీకు లైను అందిచ్చిన పిల్ల ఎవలు బిడ్డా?"

పట్నం ఆమె అని చెప్పిన.

"మంచిగ అందిచ్చింది" అన్నది అత్త. మా ఊరు ఇంకింత దూరం ఉందనంగ మెల్లగ అన్నది: "నన్ను ఇడిసి పోనంటివి. ఇన్న."