లలిత బొల్లారం పోయింది

ముందే చెప్తున్న, ఎవ్వరు నవ్వొద్దు! మీరు నవ్వితే నాకు నవ్వొస్తది, నాకు నవ్వొస్తే కుట్లు గుంజుతయి. కిడ్నీ ఇచ్చినోన్ని, జెర దయ చూపియ్యుండ్రి. దవాఖానల నోరు జారి ఇజ్జత్ మొత్తం పోగొట్టుకున్న, గదే చెప్త.

మా ఆమె లలితకు నా కిడ్నీ ఇచ్చిన సంగతి మీకెరికే. ఆపరేషన్ అయినంక సూడుండ్రి తమాషా! తీస్కున్న ఆమె మాస్కు పెట్టుకొని వరండాల టకటక నడుస్తుంది. ఇచ్చిన నేను మంచం మీద "అమ్మా, అయ్యా" అని మూలుగుతున్న. ఇంకో గోలీ ఇయ్యిమంటే డాక్టర్, "ఇప్పుడు మీకున్నది ఒకటే కిడ్నీ. నొప్పి గోలీలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దు. ఇచ్చిన మందులతో పాటు రిలాక్సేషన్ కూడా చేయండి" అన్నడు.

గా రిలాక్సేషన్ చేపిచ్చెటందుకు ఒక మేడమ్ వచ్చింది. ఫోన్ల సన్నగ ఫ్లూట్ పెట్టింది. "కళ్లు మూసుకోండి. మెల్లగా ఊపిరి తీసుకోండి. ఇప్పుడు మీ మనసుకు హాయిగా ఉండే చోటికి వెళ్లండి."

మొదలు సముద్రం ట్రై చేసిన. రాలే. రాంగోపాల్‌పేట్‌ల పుట్టినోనికి సముద్రం ఏడికెల్లి వస్తది! ఆఖరికి మా ఇల్లే కండ్ల ముందటికి వచ్చింది.

"ఎక్కడున్నారు?"

"మా ఇంట్ల మేడమ్. సోఫా మీద."

"ఏం వినిపిస్తోంది?"

"ఏం లేదు. ఫుల్ శాంతి. రిమోట్ సుత నా చేతులనే ఉంది."

నిజం చెప్తున్న, నొప్పి తగ్గుడు షురూ అయింది!

"చాలా బాగుంది. ఎందుకంత ప్రశాంతంగా ఉంది?"

"లలిత బొల్లారం పోయింది గద మేడమ్, తల్లిగారింటికి."

"ఎన్ని రోజులకు?" ఈసారి గొంతు జెర వేరే తీరుగ ఉంది. గంత మత్తుల నాకేం సమజైతది?

"ఎన్ని రోజులైతే అంత మంచిది," అన్న.

ఫ్లూట్ బంద్ అయింది. కండ్లు తెరిస్తే మేడమ్ పక్కన లలిత! నన్ను చూసి పోదామని వచ్చిందట. మాస్కు మీదికెల్లి కండ్లే కనవడుతున్నయి. కోపమో, ఏడుపో తెలుస్తలేదు. కిడ్నీ ఇచ్చి తెచ్చుకున్న మంచి పేరు గిట్ల పాయెనా అని మస్తు భయమైంది.

"అది కాదే, మందుల మత్తుల..."

లలిత తాపీగ, "పరేషాన్ కాకుండ్రి. ఇగ నేను బొల్లారం పోతే మీ కిడ్నీ సుత నాతోనే వస్తది. అంటే మీరు సుత మా అమ్మోళ్ల ఇంట్లనే ఉన్నట్టు. సోఫా మీద శాంతి ఏడిది?" అన్నది.

ముందుగాల మేడమ్ నవ్వింది. ఎనుక నేను. "అబ్బా! దిండు! దిండు!" అని మొత్తుకుంటే సిస్టర్ ఉరికొచ్చి పొట్టకు దిండు అదిమింది. లలిత తన కుట్లు పట్టుకొని, "అయ్యో, అయ్యో" అనుకుంట నవ్వుతనే ఉంది. తగ్గిన నొప్పి డబుల్ అయి వచ్చింది!

తెల్లారి మేడమ్ మళ్లొచ్చింది. "కళ్లు మూసుకోండి. మనసుకు హాయిగా ఉండే చోటికి వెళ్లండి."

"జెర ఆగుండ్రి మేడమ్," అన్న. "లలితను అడిగి పోత."